ఓటీపీ చెప్పకండి

“మోడెం స్విచ్ ఆపేసి, కాసేపాగి మళ్ళీ వెయ్యండి సార్” అని ఫోనక్క చెబుతూ ఉండగానే ఆమె ఇంట్లో నెట్ పోయింది.

అవతలి పెద్దమనిషి “హలో, హలో” అనడం కాసేపు ముక్కలుముక్కలుగా వినపడింది. తర్వాత అదీ లేదు. తెర మీద ఆయన వివరాలున్న గడి పాలిపోయి, మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. ఫోనక్క చెవులకున్న హెడ్‌సెట్ తియ్యలేదు. తీస్తే, మళ్ళీ పెట్టుకునేలోపు నెట్ వచ్చి ఇంకో కాల్ పడిందంటే ‘నమస్కారం’ సగం మింగేసినట్టవుతుంది, దానికీ మార్కులు కోస్తారు. అందుకని వేళ్ళు కీబోర్డు మీదే ఉంచి, ఆ చక్రం వంక గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంది.

“పోయిందా?” ముందుగదిలోంచి అత్తగారు అడిగింది.

“పోయింది అత్తయ్యా.”

“నా సీరియల్ కూడా ఆగిపోయిందే. ఆ పిల్ల ఏదో చెప్పబోయి నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. చూడ్డానికి భయంగా ఉంది.”

ఫోనక్కది నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌లో ఉద్యోగం. నెట్ రావట్లేదని జనం ఫోన్ చేస్తే ఎలా తెచ్చుకోవాలో చెప్పడం ఆమె పని. ఆ చెప్పేది ఇంట్లోంచే, పడగ్గది కిటికీ పక్కనున్న బల్ల మీంచి, ఆ కంపెనీ ఇచ్చిన నెట్ మీదే. ఇంటి నుంచి పని చేసేవాళ్ళు ఇంకో కంపెనీ నెట్ పెట్టుకోకూడదని రూలు. కాబట్టి ఆమె ఇంట్లో నెట్ పోతే, ‘నెట్ పోయింది మొర్రో’ అని మొరపెట్టుకోవాల్సింది కూడా ఆమె పనిచేసే చోటికే. పొద్దస్తమానం కిటికీలోంచి ఆమె గొంతు వినపడుతూ ఉంటుంది గనక వీధిలో అందరూ ఫోనక్క అంటారు. అసలు పేరుతో పిలిచే మొగుడు లారీ మీద వెళ్ళాడు, వచ్చే నెల దాకా రాడు.

నెట్ వచ్చేసరికి సూపర్‌వైజర్ మెసేజ్ కూడా వచ్చింది. ఫోన్ ఎత్తమన్నాడు. ముప్పై నిండని కుర్రాడు, మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తదనమే పెద్ద ఇబ్బంది, ఎక్కడ కోప్పడాలో తెలియదు.

“మీ సీటు నుంచి కాల్స్ బాగా తెగిపోతున్నాయి మేడమ్. పైవాళ్ళు అడుగుతున్నారు. శుక్రవారం లోపల ఇంట్లో నెట్ సరిచేసుకోండి. లేదంటే సోమవారం నుంచి ఆఫీసుకి వచ్చెయ్యాలి.”

“ఆఫీసు ఊరికి ఆ చివర్న సర్. మా అత్తయ్యని ఒక్కదాన్నే వదిలి అంత దూరం—”

“తెలుసు మేడమ్. నా చేతుల్లో ఉంటే మిమ్మల్ని ఇబ్బంది పెడతానా?”

“నెట్ మన కంపెనీదే కదా సర్. మనవాళ్ళకే చెప్పి—”

“చెక్ చేశాను మేడమ్. మన వైపు అంతా బాగానే ఉంది. సమస్య మీ ఇంట్లోనే.”

సమస్య మీ ఇంట్లోనే. ఈ మాట ఆమె రోజూ ఎంతమందికి చెబుతుందో లెక్కలేదు. తెర మీద స్క్రిప్టులో ఉంటుంది, చదివితే సరిపోతుంది. చదివేటప్పుడు ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇవాళ తన చెవిన పడేసరికి, ముక్కూమొహం తెలియనివాడు వంటింట్లోకొచ్చి గిన్నెల మూతలు తీసి వాసన చూసినట్టుంది. ఒళ్ళు మండిపోయింది. అయినా “సరే సర్” అంది. నోటికి అలవాటు.

అత్తగారు అంతా విన్నది. తుంటి ఎముక విరిగి అతుక్కున్న దగ్గర్నుంచీ ఆవిడ మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి మంచానికి వాకర్ పట్టుకుని నడుస్తుంది, అదీ కోడలు వెనకాల చెయ్యి పెట్టుకుని ఉంటేనే. అలాంటి మనిషి, ఫోనక్క హెడ్‌సెట్ తీసి ముందుగదిలోకి వచ్చేసరికి వాకర్ పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది.

“ఎక్కడికి?”

“వంటింట్లోకి. మంచినీళ్ళు తాగుదామని. చూడు, నేను ఒక్కదాన్నే నడవగలను. నువ్వు నిక్షేపంలా ఆఫీసుకి పో. నన్ను పట్టుకుని వేళ్ళాడకు.”

గడప దగ్గర వాకర్ ముందు కాళ్ళు రెండూ ఎత్తాల్సొచ్చింది. ఎత్తింది. అంతే, శరీరం పక్కకి వాలిపోయింది. ఫోనక్క రెండంగల్లో వెళ్ళి నడుం పట్టుకుంది. ఇద్దరూ గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డారు. అత్తగారి గుండె కొట్టుకోవడం ఫోనక్క మోచేతికి తెలుస్తోంది.

“గడప ఎత్తుగా కట్టారు వెధవలు” అంది అత్తగారు.

“అవునత్తయ్యా. గడపదే తప్పు.”

ఆవిడని మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఫోనక్క తన మొబైల్ తీసింది. కస్టమర్‌లా తన కంపెనీకే ఫోన్ కొట్టింది.

కంపెనీ పాట విన్నంతసేపు విన్నాక ఒక పిల్ల ఎత్తింది. గొంతు చూస్తే కొత్తది. వాక్యం చివర ఊపిరి చాలక ఎగబీలుస్తోంది. ఫోనక్క తనూ అక్కడి మనిషినేనని చెప్పలేదు. చెబితే ఆ పిల్ల కంగారుపడుతుంది. పైగా అందరిలాగే అడిగించుకుని, అందరిలాగే చేసి చూద్దామనిపించింది. ఇన్నాళ్ళూ ఇన్ని ఇళ్ళలో జనం చేత చేయించింది, తన ఇంట్లో ఒక్కసారీ చెయ్యలేదు.

“మోడెం మీద లైట్లు ఏ రంగులో ఉన్నాయి మేడమ్?”

“పచ్చ.”

“మోడెం ఎక్కడ పెట్టారు మేడమ్? అలమరలో గానీ, తలుపుల వెనక గానీ ఉందా? పైన బట్ట లాంటిదేమైనా కప్పి ఉందా?”

ఫోనక్క తలెత్తి చూసింది.

మోడెం ముందుగది అద్దాల బీరువాలో ఉంది. ఒకవైపు ఎవరూ తాగని గాజు గ్లాసులు, ఇంకోవైపు ఎవరూ వాడని టీ కప్పులు, మధ్యలో మోడెం. దాని మీద అత్తగారు తెల్లదారంతో స్వయంగా అల్లిన ముసుగు. అంచున లేసు. లైట్లు కనపడ్డానికి ముందువైపు పువ్వు ఆకారంలో చిల్లు. బీరువాకి తాళం.

“మేడమ్, లైన్లో ఉన్నారా?”

“ఉన్నానమ్మా. కప్పి ఉంది. తాళం కూడా వేసి ఉంది.”

అవతల పిల్లకి నవ్వొచ్చినట్టుంది గానీ ఆపుకుంది. మంచి పిల్ల, పైకొస్తుంది. “అది తీసేసి చూడండి మేడమ్. మా వైపు అంతా బాగానే ఉంది” అంది.

ముసుగు తీస్తుంటే అత్తగారు ఊరుకోలేదు. “దుమ్ము పడుతుందని రెండు కళ్ళూ పొడుచుకుని అల్లాను. ఆ పెట్టె నీకేం అపకారం చేసింది?”

“దానికి ఊపిరాడట్లేదత్తయ్యా. ఇంకో ముసుగు మిక్సీకి వేద్దాం.”

“మిక్సీకి ఎప్పుడో వేశాను, చూసుకో.”

మోడెం బయటికొచ్చి రెండు గదుల మధ్య తలుపు పైనున్న చెక్క మీదికెక్కింది. మర్నాడు పొద్దున్న కాల్స్ గలగలా వెళ్ళిపోయాయి. ఒక్కటీ తెగలేదు. ఫోనక్కకి సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. నిజంగానే సమస్య మా ఇంట్లోనే కాబోలు, అనవసరంగా ఆ కుర్రాడి మీద మనసులో కారాలు మిరియాలు నూరాను అనుకుంది. మధ్యాహ్నం టీ తాగుతూ అత్తగారితో ఆ మాటే అంది. అత్తగారు ముసుగు ఒళ్ళో పెట్టుకుని నలుపుతూ కూర్చుంది.

సాయంత్రమైంది. వీధిలో బళ్ళు ఆగిన చప్పుళ్ళు, గేట్ల చప్పుళ్ళు, పైన ఎవరి ఇంట్లోనో టీవీ. అందరూ ఇళ్ళకి చేరారు. ఫోనక్క తెర మీద చక్రం మొదలైంది.

ఈసారి ఆమె కూర్చుని చూడలేదు. స్క్రిప్టులో ఆ తర్వాత ఏముందో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. గాల్లోంచి కాకుండా వైరుతో నేరుగా కంప్యూటరుకి పెట్టి చూడాలి. టీవీ, ఫోన్లు అన్నీ నెట్ లోంచి తీసెయ్యాలి. పొడుగాటి వైరు ఒకటి లాగి, గోడ వారగా టేపు అంటించుకుంటూ, గడప మీంచి పడగ్గదిలోకి తెచ్చింది. వాకర్ కాలికి తగలకుండా గడప దగ్గర టేపు దిట్టంగా వేసింది.

“ఇల్లు పీకి పందిరేస్తున్నావు” అంది అత్తగారు.

“కాసేపు టీవీ ఆపండి అత్తయ్యా.”

“ఆపక్కర్లేదు, అదే ఆగింది.”

అన్నీ తీసేసి, ఒక్క వైరు మీద స్పీడు కొలిచింది. ముల్లు లేచి సగం దాకా పోయి, మూలిగి, కిందికి జారిపోయింది. మళ్ళీ కొలిచింది. ఈసారి సగం దాకా కూడా పోలేదు. ఇంట్లో ఇంక తియ్యడానికి మిగిలింది గోడలే.

ఆమె మేడ మీదికెళ్ళింది. పైవాటాలో టైలరుంటాడు. ఆయనా ఈ కంపెనీ నెట్టే పెట్టుకున్నాడు. కత్తిరింపుల బల్ల పక్క ఫోను నిలబెట్టి, దూరపు బేరాలకి వీడియోలో గుడ్డలు చూపిస్తుంటాడు. ఆమె వెళ్ళేసరికి మెళ్ళో టేపు వేసుకుని ఫోనుని చేత్తో తడుతున్నాడు.

“చూడు చెల్లెమ్మా. ఆవిడ మెడ లోతు ఎంత పెట్టాలో చెబుతోంది. చెప్పే చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇప్పుడు నేను ఏం కుట్టాలి?”

“ఫిర్యాదు ఇవ్వలేదా అన్నయ్యా?”

“ఇవ్వకేం. వచ్చాడు, చూశాడు, సమస్య మీ ఇంట్లోనే అన్నాడు. కొత్త మోడెం కూడా కొనిపించాడు. మా ఆవిడ, నీ కుట్టుమిషను మోటారు వల్లే నెట్ పోతోందని తేల్చేసింది. అందుకని సాయంత్రాలు మిషను ఆపుతున్నాను. నెట్టూ లేదు, కుట్టూ లేదు.”

ఫోనక్క అక్కడే నిలబడి ఆయన ఫోన్లో స్పీడు కొలిచింది. తన ఇంట్లో ఎంత చూపించిందో ఇంచుమించు అంతే. బాల్కనీలోంచి చూస్తే వీధి మొగలో స్తంభం, దానికి కంపెనీ డబ్బా, దాంట్లోంచి ఇళ్ళకి పోయే నల్లటి తీగలు ముడిపడి కనపడ్డాయి. అన్ని ఇళ్ళవాళ్ళూ ఇంటికొచ్చే వేళకే అన్ని ఇళ్ళలోనూ నెట్ చస్తోంది. ఇందులో తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఆమెకి మాత్రం ఇన్నాళ్ళూ తెలియదా అంటే, తెలుసు. ఆ తెలిసింది పని మొదలయ్యే ముందు పక్కన పెట్టి కూర్చోవడం అలవాటైపోయింది. కిందికొచ్చి తన ఇంటి నెట్ మీద ఫిర్యాదు పెట్టింది.

గురువారం పొద్దున్న లైన్‌మన్ వచ్చాడు. భుజాన తీగచుట్ట, చేతిలో ఫోను. నిచ్చెన తేలేదు. స్తంభం వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా ఇంట్లోకొచ్చి, తలుపు పైనున్న మోడెం చూసి తలాడించాడు.

“అన్ని లైట్లూ వెలుగుతున్నాయమ్మా. బాగానే ఉంది. మీ ఫోనుకి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి.”

“ఇప్పుడు బాగానే ఉంటుంది. సాయంత్రం పోతుంది.”

“సాయంత్రం అందరికీ పోతుందమ్మా.”

“అందరికీ పోతే మరి సమస్య మా ఇంట్లో ఎలా ఉంటుంది?”

అతను తీగచుట్ట దించి నేల మీద పెట్టాడు. మొహం తుడుచుకున్నాడు. “ఆ డబ్బాలోంచి ఎన్ని ఇళ్ళకి లాగకూడదో అన్ని ఇళ్ళకీ లాగారమ్మా. ఇంకో డబ్బా పెట్టాలి. ఆ మాట నేను చెబితే వినేదెవరు? పైన చూస్తే ఈ వీధిలో ఫిర్యాదే లేదు. అన్నీ క్లోజ్ అయిపోయినట్టు ఉంటాయి.”

“అన్నీ ఎలా క్లోజ్ అయ్యాయి?”

“ఓటీపీ చెబుతారు కదమ్మా. చెబితే క్లోజ్ అవుతుంది. కారణం దగ్గర ‘ఇంటి లోపలి సమస్య’ అని పడుతుంది. ఇంకోటి నొక్కితే నన్ను వంద ప్రశ్నలు వేస్తారు.”

ఫోనక్క కుర్చీ చెక్క పట్టుకుని అలా నిలబడింది. ఓటీపీ చెప్పమని జనానికి చెప్పేది ఎవరు? తనే. ‘మా ప్రతినిధికి దయచేసి ఓటీపీ తెలియజేయండి’ అని ఎంత తియ్యగా చెబుతుందో తనకి తెలుసు, దానికి ఒకసారి బహుమతి కూడా ఇచ్చారు. టైలరు చెప్పాడు. ఎదురింటివాళ్ళు చెప్పారు. బాగుపడకుండానే, ‘బాగుపడింది’ అని వీధి వీధంతా ఒక్కొక్కరుగా తమ నోటితోనే చెప్పుకున్నారు. ఇంక కంపెనీకి ఏం పట్టింది?

“చెప్పండమ్మా, నేను ఇంకా చాలా ఇళ్ళు తిరగాలి.”

మంచం మీంచి అత్తగారు అందుకుంది. “ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్ళు రోజూ మొత్తుకుంటారు. ఇతనికెందుకు చెప్పడం?”

“ఇది ఆ ఓటీపీ కాదు పెద్దమ్మా.”

“ఏ ఓటీపీ అయితేనేం నాయనా, మా దగ్గర్నుంచి పట్టుకుపోయేదేగా.”

ఫోనక్క ఫోను తీసి చూసింది. అంకెలు వచ్చి ఉన్నాయి. ఫోను బోర్లా తిప్పి బల్ల మీద పెట్టేసింది.

“చెప్పను” అంది.

“అమ్మా, నా పేరు మీద పెండింగ్ పడుతుంది.”

“పడనీ. ఫలానా ఇంటావిడ చెప్పనంది అని రాయి. నిన్ను అడిగితే నన్ను అడగమను.”

“మీరు కూడా మన కంపెనీలోనేగా పని చేసేది. కిటికీలోంచి వింటుంటాను. మీరే ఇట్లా అంటే ఎట్లాగమ్మా?”

“అందుకే చెప్పను.”

అతను ఆమె వంక కాసేపు చూశాడు. కోపంగా కాదు. తీగచుట్ట భుజాన వేసుకుని, మంచినీళ్ళడిగి తాగి, గ్లాసు జాగ్రత్తగా గడప పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

అతను మెట్లు దిగేలోపే ఫోనక్క మెట్లెక్కింది. టైలరుకి విషయం చెప్పింది. మళ్ళీ ఫిర్యాదు పెట్టు, వచ్చినప్పుడు ఓటీపీ మాత్రం చెప్పకు అంది. టైలరుకి ఒక మాట చెబితే వీధిలో మైకు పెట్టినట్టే. జాకెట్టు కొలతకొచ్చినవాళ్ళకీ, ప్యాంటు పొట్టి చేయించుకునేవాళ్ళకీ టేపు చేతిలో పట్టుకుని చెప్పాడు. “చెయ్యెత్తండి. నెట్ ఫిర్యాదు పెట్టారా? పెట్టండి. ఆ, ఇప్పుడు దించండి. ఓటీపీ మాత్రం చచ్చినా చెప్పకండి.”

ఆ సాయంత్రం కూడా ఫోనక్క కాల్స్ తెగిపోయాయి. సూపర్‌వైజర్ “రేపే శుక్రవారం మేడమ్” అని మెసేజ్ పెట్టాడు. అన్నం తినేటప్పుడు అత్తగారు, “మొండికేశావు సరే, నిన్ను తీసేస్తే?” అని అడిగింది.

“భయంగానే ఉందత్తయ్యా.”

“నాకూ భయంగానే ఉంది” అంది అత్తగారు. “కానీ చెప్పకు.”

శుక్రవారం పొద్దున్న లైన్‌మన్ వీధంతా తిరిగాడు. ఏ ఇంట్లోనూ ఓటీపీ పుట్టలేదు. ఒకావిడ ఫోను చార్జింగులో ఉందంది. ఒకాయన కళ్ళజోడు లేదన్నాడు. ఎదురింటి ముసలాయన మాత్రం డొంకతిరుగుడు లేకుండా, “బాగు చెయ్యి, చెబుతాను. నువ్వు చెయ్యకుండా నేను చెప్పేది అబద్ధం అవుతుంది, ఈ వయసులో నాకెందుకు” అన్నాడట. లైన్‌మన్ స్తంభం నీడన నిలబడి ఎవరికో ఫోన్ చేసి, చాలాసేపు మాట్లాడాడు. ఆ మాట్లాడ్డంలో విసుగు కన్నా హుషారే ఎక్కువగా ఉందని అత్తగారు కిటికీలోంచి చూసి చెప్పింది. ఇన్నాళ్ళకి అతనికీ చెప్పుకోవడానికి ఒకటి దొరికింది.

మధ్యాహ్నం జీపు వచ్చింది. నిచ్చెన వచ్చింది. అత్తగారి కుర్చీ కిటికీ దగ్గరికి జరపాల్సొచ్చింది.

“ఒకడు ఎక్కాడు. ఇంకొకడు కింద పట్టుకున్నాడు. పట్టుకోవడం లేదులే, ఫోను చూసుకుంటున్నాడు. కొత్త డబ్బా తీశారు. మూత పడేశారు. మళ్ళీ తీశారు” అని ఆవిడ చెబుతూనే ఉంది. ఫోనక్క హెడ్‌సెట్ పెట్టుకుని, ఎవరికో లైట్లు ఏ రంగులో ఉన్నాయని అడుగుతూ, ఒక చెవి ఇటు వేసి వింటోంది.

సాయంత్రం బళ్ళు వచ్చాయి, గేట్లు చప్పుడయ్యాయి, టీవీలు మొదలయ్యాయి. నెట్ కదల్లేదు. ఫోనక్క స్పీడు కొలిచింది. ముల్లు లేచి, చివరిదాకా పోయి, అక్కడే నిలబడింది. పైనుంచి కుట్టుమిషను చప్పుడు కూడా వినపడింది. లైన్‌మన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఏమీ అడగలేదు. ఫోనక్కే ఫోను తీసి అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పింది. బాగుపడ్డాక చెప్పకపోతే అదీ అన్యాయమే. కారణం దగ్గర ఏం నొక్కుతాడో అతను ఆమెకి తిప్పి చూపించాడు. ‘వీధి లైను సమస్య.’ నొక్కి, నవ్వి, పక్కింటికి వెళ్ళాడు.

సూపర్‌వైజర్ మెసేజ్ వచ్చింది: “మేడమ్, మీ లైన్ ఇప్పుడు సూపర్. ఆఫీసుకి రావక్కర్లేదు. ఈ కాసేపు జాగ్రత్త, క్వాలిటీ వాళ్ళు మీ కాల్స్ వింటున్నారు.”

ఫోనక్క కుర్చీలో వెనక్కి వాలింది. ఎన్ని రోజులుగానో పట్టేసిన భుజాలు అప్పుడు దిగాయి. ముందుగదిలో అత్తగారి సీరియల్ ఆగకుండా సాగుతోంది, ఆ పిల్ల ఎట్టకేలకి చెప్పాల్సింది చెప్పేసింది. ఇంకేం కావాలి? ఆమెకి కావాల్సింది ఆమెకి దక్కింది.

కాల్ పడింది. ఆడమనిషి, పెద్ద వయసు, వేరే పేట.

“అమ్మా, మీ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. ఇది మూడోసారి రావడం. ఏమీ చెయ్యలేదు, సమస్య మీ ఇంట్లోనే అంటున్నాడు. నేను ఏం పాడుచేశానో నాకు తెలియదు. మా మనవరాలు కంప్యూటరు ముందు పెట్టుకుని కూర్చుంటుంది, నేను దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోను. ఓటీపీ చెప్పమంటున్నాడు. చెప్పమంటావా?”

తెర మీద స్క్రిప్టు దానంతటదే వచ్చి నిలబడింది. ‘మా ప్రతినిధికి దయచేసి ఓటీపీ తెలియజేయండి.’ ఫోనక్క నోరు తెరిచింది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. చదివేస్తే అయిపోతుంది. పైనుంచి వింటున్నవాళ్ళు మార్కులేసుకుంటారు, సోమవారం ఇదే కిటికీ పక్కన ఇదే కుర్చీ. నిన్న తన గుమ్మంలో చెప్పనిది ఇవాళ ఈవిడ చేత చెప్పించాలి. అంతే.

“పెద్దమ్మగారూ, నెట్ వస్తోందాండీ ఇప్పుడు?”

“లేదమ్మా. రాకనే కదా.”

“సాయంత్రాలేనా పోయేది?”

“సాయంత్రాలే. పక్కింటివాళ్ళదీ అంతేనట.”

తెర మూల చిన్న గడిలో సూపర్‌వైజర్: ‘స్క్రిప్ట్ మేడమ్.’

“అయితే చెప్పకండి” అంది ఫోనక్క.

“ఏంటమ్మా?”

‘మేడమ్.’ మళ్ళీ, ‘మేడమ్, వింటున్నారు.’

“ఓటీపీ చెప్పకండి. మీరేమీ పాడుచెయ్యలేదు. సమస్య మీ ఇంట్లో లేదండీ, మా వైపే ఉంది. మీ వీధి లైను చూసి బాగుచేసి, సాయంత్రం కూడా నెట్ నిలబడితే అప్పుడు చెప్పండి. పక్కింటివాళ్ళకి కూడా ఈ మాటే చెప్పండి.”

అవతల ఆవిడ పక్కకి తిరిగి, “చెప్పనక్కర్లేదట నాయనా. మీ ఆఫీసావిడే అంటోంది” అనడం ఫోనక్కకి స్పష్టంగా వినపడింది. గుమ్మంలో ఉన్నవాడు ఏదో గొణగడం కూడా వినపడింది. లైను అంత బాగుంది.

ఆవిడ పెట్టేశాక ఫోనక్క తెర నల్లబడింది. పేరు, పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. మళ్ళీ అడిగింది.

“పోయిందా?” అత్తగారు.

“నెట్ పోలేదత్తయ్యా. నన్ను తీశారు.”

టీవీ చప్పుడు ఆగింది. అత్తగారే ఆపినట్టుంది. వాకర్ నేల మీద ఆనించిన చప్పుడు వినపడితే ఫోనక్క, “లేవకండి, వస్తున్నా” అని హెడ్‌సెట్ తీసి ముందుగదిలోకి నడిచింది. మంచం అంచున కూర్చుంది. అత్తగారు ఆమె చెవుల మీద హెడ్‌సెట్ నొక్కిన చోట ఎర్రగా కందితే బొటనవేలితో రాసింది.

మొబైల్ మోగింది. సూపర్‌వైజర్. మెసేజ్ కాదు, తనే చేశాడు. గొంతు ఇంకా తగ్గించాడు.

“ఏంటి మేడమ్ ఇలా చేశారు? వాళ్ళు వింటున్నారని ముందే చెప్పానుగా.”

“చెప్పారు సర్.”

“సరే, అయిందేదో అయింది. నేనొక మాట చెబుతాను, వినండి. మీ ఇంట్లో నెట్ సరిగ్గా లేదని వారం నుంచీ రికార్డులో ఉంది. ఇప్పుడు కూడా మధ్యలో తెగిందని, ఆవిడ ఏమడిగిందో మీకు సరిగ్గా వినపడక ఏదో చెప్పారని ఒక్క మెయిల్ పెట్టండి. రెండు లైన్లు చాలు. మీ ఇంటి సమస్య అని రాసేసి క్లోజ్ చేసేస్తాను. సోమవారం మామూలుగా లాగిన్ అయిపోండి. ఇంటి నుంచే.”

మెత్తగా, నిజంగా సాయం చేద్దామనే అన్నాడు. ఫోనక్కకి అది తెలుస్తూనే ఉంది. ఆ రెండు లైన్లు ఎలా ఉంటాయో కూడా ఆమెకి అప్పుడే కళ్ళముందు కనపడింది. ఇలాంటివి రాయడం ఆమెకి రాక కాదు. పక్కన అత్తగారు మొహంలోకే చూస్తోంది. వాకర్ పిడి మీద ఆవిడ వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

“నాకు అంతా శుభ్రంగా వినపడింది సర్.”

“మేడమ్, తొందరపడకండి. మీ అత్తగారి సంగతి కూడా—”

“ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. నేను తెలిసే చెప్పాను, మళ్ళీ అడిగినా అదే చెబుతాను. మీరు రాసేదేదో సరిగ్గా రాసుకోండి. మా ఇంట్లో ఏ సమస్యా లేదు.”

అవతల ఊపిరి తీసుకోవడం వినపడుతోంది, అంతే.

“వినపడుతోందా సర్?”

“వినపడుతోంది మేడమ్” అన్నాడతను.